మా బాపు పేరు ఎల్లయ్య

మీ ఉత్తరం – నా జవాబు

రెండు నెలల కింద ఈ శీర్షికలో ఒక అక్కకు జవాబు చెబుతూ, మా బాపు ఎల్లయ్యను ఊళ్లో చిన్నా పెద్దా అందరూ "ఎల్లిగా" అని పిలిచేవారని నాలుగు వాక్యాలు రాశాను. వాటి మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. హనుమకొండలో మా ఇంటి బల్ల మీద కట్ట కట్టి పెట్టుకుని వారం రోజులు చదివాను. కొన్ని పోస్టు కార్డులు, ఎక్కువ వాట్సాప్‌లో ఫొటో తీసి పంపినవి. అన్నీ అచ్చు వేయడం కుదరదు కాబట్టి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టున్న కొన్నింటిని తీసుకున్నాను. పేర్లు, ఊర్ల పేర్లు రాయొద్దని దాదాపు అందరూ అడిగారు. రాయలేదు.

ప్రశ్న: టీచరమ్మా, మాది హుజూరాబాద్ దగ్గర ఒక ఊరు. నాకు 26 ఏండ్లు, డిగ్రీ చదివిన. దళిత బంధు కింద వచ్చిన 10 లక్షలతోటి ట్రాక్టర్ తెచ్చుకున్నం. సీజన్ల ఊళ్లె దున్నకాలు ఎక్కువ మా ట్రాక్టర్‌తోనే. పైసలు మంచిగనే వస్తున్నయి. మా బాపు పేరు రాజయ్య, 61 ఏండ్లు. ఇంటర్ చదివే పోరగాండ్లు గూడ ఫోన్ చేసి "రాజిగా, ట్రాక్టర్ తోలియ్యి" అంటరు. మొన్న ఫోన్ నేను ఎత్తి "మా బాపు పేరు రాజయ్య" అన్న. ఆ ఇంటోళ్లు వేరే ట్రాక్టర్ పెట్టుకున్నరు. మా బాపు నన్నే తిట్టిండు. "పిలిస్తే పిలువనీరా, కడుపు నిండుతలేదా" అన్నడు. కడుపు నిండినంక పేరు కోసం కొట్లాడుడు తప్పా?

జవాబు: తప్పు కాదు బిడ్డా. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, మిగతాది తర్వాత.

మా బాపు నీరడి. నీ ఈడు వాళ్లకు ఆ పని తెలియకపోవచ్చు. ఊరి చెరువు తూము ఎత్తేది, దించేది ఆయనే. కాలువ వెంట పార పట్టుకుని తిరిగి, ఆయకట్టులో ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు అని మళ్లించేది ఆయనే. రాత్రి వంతులుంటే కందిలి పట్టుకుని కట్ట మీదే ఉండేవాడు. వానకాలం చెరువు నిండి మత్తడి దుంకిందంటే ఇంటికి నిద్రకు రావడం ఉండదు. ఏ మడి ఎత్తులో ఉంది, ఏది తొందరగా ఆరుతుంది, ఎవరి గెట్టు కింద ఎండ్రికాయ బొక్క పెట్టింది, అంతా ఆయన తలలో ఉండేది. కాగితం లేదు, పెన్ను లేదు. దీనంతటికీ పంట కోతలప్పుడు కల్లం మీద మేర, అంటే వడ్లలో వాటా, కొలిచేవారు.

1966లో నాకు తొమ్మిదేండ్లు. సద్ది పట్టుకుని కట్ట కిందికి పోయాను. నాతో పాటే బడిలో చదివే పిల్లగాడు, పటేల్ గారి కొడుకు, గెట్టు మీద నిలబడి "ఎల్లిగా, మా మడికి ఇడువు" అన్నాడు. వంగి గండి పూడుస్తున్న మా బాపు లేచి నిలబడి "ఇడుస్త పటేలా" అన్నాడు. ఆ పిల్లగాడి గొంతులో కోపం లేదు, పొగరు కూడా లేదు. "వాన పడేట్టుంది" అన్నట్టు మామూలుగా అన్నాడు. నన్ను ఇన్నేండ్లు వదలనిది ఆ మామూలుతనమే. తిట్టయితే తిట్టినవాడికి కూడా తిట్టానని తెలుస్తుంది. మరునాడు బడిలో సారు "పెద్దలను గౌరవించవలెను" అని పలక మీద రాయించారు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రాశాం.

అదే ఊళ్లో మా అవ్వ చేదబావి దగ్గర బిందె కింద పెట్టి, ఎవరైనా వచ్చి చేది పోసేదాకా నిలబడేది. ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పంచినవాని ఇల్లాలు.

నువ్వడిగిన ప్రశ్న పాతదే. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని పోయి, దళితులను దిగనియ్యని చవదార్ చెరువు నీళ్లు తాగారు. అదే ఏడాది డిసెంబరులో అక్కడే మళ్లీ సభ పెట్టి, ఆ చెరువు నీళ్లు తాగకుండా కూడా ఇన్నాళ్లు బతికామనీ, అందరిలాగే మేమూ మనుషులమని నిలబెట్టుకోవడానికే అక్కడికి పోతున్నామనీ విడమరిచి చెప్పారు. దాహం తీరినా తీరకపోయినా ఆ చెరువు మెట్లు దిగే హక్కు కావాలన్నది ఆయన మాట. మన దగ్గర పాలకుర్తి ఐలమ్మ సంగతి చూడు. కౌలుకు పట్టిన భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోవాలని చూస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు నిలబడి వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. అది భూమి పోరాటమని బడిలో నేనే ఎన్నో ఏండ్లు చెప్పాను. తర్వాత తర్వాత నాకు అర్థమైంది, బట్టలుతికే ఇంటి ఆడమనిషి సొంతంగా సేద్యం చేయడం ఏమిటన్న కక్ష కూడా అందులో ఉందని. వడ్లనూ మర్యాదనూ విడదీసి ఆ కథ చెప్పలేం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపిన తర్వాత పల్లె పల్లెకూ మంటలా పాకిన తెలంగాణ రైతాంగ పోరాటంలో "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అనే మాట నోటి నుంచి ఊడిపోవడం, భూమి చేతికి రావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. కాబట్టి 'కడుపు నిండినంక పేరు' అనే వరస నేను ఒప్పుకోను. మొదటి నుంచీ రెండూ కలిసే నడిచాయి.

ఇక మీ బాపు సంగతి. ఆయన మీద కోపం పెట్టుకోకు. అరవై ఏండ్లు "రాజిగా" అంటే పలికినందుకే మీ ఇంట్లో పొయ్యి వెలిగింది, నువ్వు డిగ్రీ చదివావు. ఎదురు మాట్లాడితే ఏం పోతుందో ఆయనకు లెక్క తెలుసు, మొన్న నీకూ చూపించాడు. ఆ లెక్క తప్పు కాదు. ఆ లెక్క ఒక్క ఇంటి మీద పడటం తప్పు. మీ వాడలో ట్రాక్టర్లు ఇంకా ఎన్ని ఉన్నాయి? నాలుగుంటే నాలుగిళ్ల వాళ్లు కూర్చుని, పెద్దమనిషిని పూర్తి పేరుతో పిలిచినవాళ్లకే ట్రాక్టర్ తోలతామని మాట అనుకోండి. దున్నకం అదను దాటిపోతుంటే ఎంత పెద్ద రైతైనా నాలుగు ట్రాక్టర్లు వదులుకోడు. కిరాయి రసీదు పుస్తకం అచ్చు వేయించి పైన మీ బాపు పూర్తి పేరు పెట్టు. ట్రాలీ వెనుక కూడా రాయించు. ఇదంతా ఆయనను అడిగి చెయ్యి. పేరు ఆయనది.

నా సంగతి ఒకటి చెబుతాను. 1981లో టీచరు ఉద్యోగంలో చేరాను. పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరు "ఎల్లిగ" అని ఉంది. ఒకటో తరగతిలో చేర్చుకున్న సారు ఊళ్లో విన్నట్టే రాసుకున్నారు, అదే ఒక రిజిస్టర్ నుంచి ఇంకో రిజిస్టర్‌లోకి ఎక్కుతూ వచ్చింది. దాన్ని సరిచేయించడానికి రెండేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక గుమాస్తా, మంచివాడే, "ఉద్యోగం వచ్చింది కదమ్మా, ఇగ దీనితోటి ఏం పని" అన్నాడు. మీ బాపు మాటే. సరిచేసిన కాగితం చేతికొచ్చిన రోజే ఊరికి పోయాను. బాపుకు చదువు రాదు.

"ఏడున్నది, సూపియ్యి."

ఆయన వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టాను.

"గ తీసేసిండ్రా?"

"తీసేసిండ్రు బాపు. అయ్య అని రాసిండ్రు. ఇగో, గిది 'య్య'."

ఆ అక్షరం మీద, దాని కింది వత్తు మీద వేలు మెల్లగా తిప్పాడు. "గింత సుట్టుకొని ఉన్నదేంది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పార భుజాన వేసుకుని కట్టకు పోయాడు. దారిలో ఎవరికి చెప్పాడో ఏమో, పొద్దుగూకే వరకు వాడకట్టు ఆడవాళ్లు పిల్లల కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మల్లిగ, పోశిగ, లచ్చి, సాయిలుగాడు. పదకొండు కాగితాలు. ఆ ఎండాకాలం సెలవులన్నీ నాకు వాటితోనే గడిచాయి.

ప్రశ్న: అమ్మా, నేను పరకాల వైపు రైతును. 74 ఏండ్లు. మీరు రాసింది చదివి బాధ కలిగింది. మా తాత, మా నాయన ఊళ్లో అందరినీ 'ఒరేయ్' అనే పిలిచారు, అది ప్రేమతోనే. పండుగకు బట్టలు పెట్టారు, ఆడపిల్లల పెండ్లిళ్లకు బియ్యం పంపారు. రిజర్వేషన్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. ఇంకా పిలుపుల దగ్గర ఆగి పాత గాయాలు కెలకడం దేనికి?

జవాబు: అన్నగారూ, మూడు పేజీలు స్వహస్తంతో రాసి పంపారు. అంత ఓపిక పట్టినందుకు నమస్కారం. మీ నాయన గారి ప్రేమను నేను అబద్ధమని అనను. కానీ మా మేనమామ నన్ను "ఏమే" అంటే, నేను ఆయనను "ఏందే మామా" అనగలిగేదాన్ని. ప్రేమతో అన్న పిలుపు అలా తిరిగి వస్తుంది. మీతో కలిసి చెరువులో ఈత కొట్టిన మా వాడ పిల్లగాడు ఒకడన్నా, మీకు మీసాలు వచ్చిన తర్వాత, మిమ్మల్ని "ఒరేయ్" అన్నాడా? మీరు అన్నారా? ఏ ఏడు నుంచి మీరు 'పటేల్' అయ్యారు, అతను 'గాడు'గానే ఉండిపోయాడు? ఒకసారి గుర్తు చేసుకోండి. మీకు గుర్తుంటుంది.

బట్టలు పెట్టారు, బియ్యం పంపారు, నిజం. మా బాపుకూ పెట్టారు. అయితే ఏడాది పొడుగునా చెరువు కాసిన మనిషికి కల్లం మీద కొలిచేది కూలి. దాన్ని కూలి అనకుండా 'పెట్టాం' అన్నారు. కల్లం అంతా ఎత్తిన తర్వాత, అడుగున మన్ను కలిసిన వడ్లు కొలిచి 'పెట్టాం' అన్నారు. బాపు తువ్వాల పరిచి దండం పెట్టి తీసుకునేవాడు. హక్కుగా రావలసింది దయగా వస్తే చెయ్యి అలా చాచాల్సి వస్తుంది. ఆ నీరడీలు, సుంకరులు, మస్కూరీలు వంటి ఊరి పనివాళ్ల వారసులే తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులు, అంటే వీఆర్‌ఏలయ్యారు. 2023లో ప్రభుత్వం 20 వేల మందికి పైగా వీఆర్‌ఏలను వేరువేరు శాఖల్లో కలిపి పే స్కేలు ఇచ్చింది. అన్నేండ్లు పట్టింది.

ఇంకొకటి. మీరు కూడా తెలంగాణ ఉద్యమంలో తిరిగారని ఉత్తరంలోనే రాశారు. 1952లో ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే అన్న ముల్కీ గొడవ రాజుకున్నది మన హనుమకొండలో. అప్పటి నుంచి 2014 జూన్ 2 దాకా మనం అడిగింది నీళ్లు, నిధులు, నియామకాలు మాత్రమేనా? మన మాట వింటే నవ్వారని, సినిమాల్లో మన యాసను రౌడీలకు, పనివాళ్లకు పెట్టారని మండలేదా? "ప్రాజెక్టులు కడుతున్నం గదా, యాస గురించి గొడవెందుకు" అని ఎవరైనా అంటే మీరు ఒప్పుకున్నారా? నేను ఒప్పుకోలేదు. నడిరోడ్డు మీద వంటావార్పులో మీరూ నేనూ ఒకే బంతిలో తిన్నాం, 'ఆత్మగౌరవం' అనే మాట గొంతు పోయేట్టు అరిచాం. ఆ రోజు మనకు కొలుచుకున్న కుంచంతోనే మా వాడకూ కొలవమంటున్నాను.

మీ ఊళ్లో మీ ఈడు వాళ్లు ఇంకా ఉండే ఉంటారు. రేపు పొద్దున ఒకరిని 'అయ్యా' అని చివర చేర్చి పిలవండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.

ప్రశ్న: అక్కా, నేను మున్సిపాలిటీల సఫాయి పని చేస్త. కాంట్రాక్టు కింద. నా బిడ్డ రాస్తున్నది. కరోనా అప్పుడు కాలనోళ్లు పూలదండ ఏసిండ్రు, శాలువా కప్పిండ్రు, ఫొటోలు దిగిండ్రు. అసొంటి శాలువాలు ఇంట్ల నాలుగున్నయి. ఎండకాలం మంచినీళ్లు అడిగితే పాత ప్లాస్టిక్ సీసల పోసిచ్చి "సీస నువ్వే ఉంచుకో" అంటరు. జీతం రెండు నెలలకోసారి. శాలువా కప్పుడు గౌరవమేనా అక్కా?

జవాబు: చెల్లే, ఆ సీసా సంగతి చదివి కాగితం పక్కన పెట్టేశాను. పొద్దున మళ్లీ తీశాను. వెనుకటి రోజుల్లో హోటల్ చూరులో మా వాళ్లకని వేరే గ్లాసు చెక్కి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. "సీస నువ్వే ఉంచుకో" అంటే ఆ గ్లాసును నీతోపాటే ఇంటికి పంపుతున్నారన్నమాట. ఇచ్చే వాళ్లకు నీళ్లు ఇచ్చామన్న తృప్తి కూడా మిగులుతుంది.

శాలువా అక్కరలేదని నేను అనను. కప్పిన వాళ్లలో మనసుతో కప్పినవాళ్లు ఉంటారు. కానీ నెల తిరిగేసరికి జీతం రాకపోతే ఆ శాలువా ఒంటి మీద నిలవదు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, రాష్ట్రమంతా ఆయన పేరు చెప్పుకుంది. రెండేండ్లు తిరిగేసరికి ఆయన బతుకుదెరువుకు కూలి పని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో చూశాం. నాన్సీ ఫ్రేజర్ అనే అమెరికా పండితురాలు చెప్పేది కూడా ఇదే. న్యాయానికి పంపకమూ కావాలి, గుర్తింపూ కావాలి, ఒకటిచ్చి రెండోదాని నోరు మూయించొద్దని. మొదటి ఉత్తరం రాసిన పిల్లగాడికి పంపకం అందింది, పేరు అందలేదు. నీకు దండ అందింది, జీతం అందలేదు.

అడగాల్సినవి అడుగు. జీతం ఏ తారీఖున వేస్తారో కాగితం మీద రాసివ్వమను. పీఎఫ్ కట్ చేస్తున్నారు కదా, నీ నంబరు ఏదో, ఎంత జమ అయిందో చూపించమను. ఈఎస్ఐ కార్డు ఉందా? లేకపోతే అది మొదట. గ్లౌజులు, బూట్లు, పని అయ్యాక స్నానం చేసి బట్టలు మార్చుకునే గది, ఇవి దయతో ఇచ్చేవి కావు. ఎవరైనా మోరీలోకో, సెప్టిక్ ట్యాంకులోకో ఏ రక్షణా లేకుండా దిగమంటే దిగకు. 2013 చట్టం దాన్ని నిషేధించింది, దింపినవాళ్లకు శిక్ష ఉంది.

ఈసారి శాలువా కప్పడానికి పిలిస్తే తప్పకుండా పో. కప్పించుకో. ఆ తర్వాత మైకు అడుగు. నాలుగు శాలువాలు కప్పిన ఆ సభల్లో నిన్ను ఒక్కసారైనా మాట్లాడమన్నారా? మన రాష్ట్ర 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు కమిటీలు ఉన్నాయి, అందులో ఒకటి మహిళలది. మీ వార్డు కమిటీలో మీ బస్తీ ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా, కనుక్కో. ఏ గల్లీలో చెత్త ఎందుకు ఆగుతుందో, ఏ మోరీ ఎక్కడ పూడుకుందో నీకంటే తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. మా బాపుకు చెరువు తెలిసినట్టు నీకు ఆ వార్డు తెలుసు. ఆ సంగతి వాళ్లు నిన్ను అడిగి రాసుకున్న రోజు నాకు ఫోన్ చేయించు.

ప్రశ్న: మేడం, ములుగు జిల్లాలో టీచర్‌ని. స్కాలర్‌షిప్ ఫారాలప్పుడు క్లాసులో కులం అడగాల్సి వస్తుంది. కొందరు పిల్లలు తల దించుకుంటారు. కోయ పిల్లలు ఇంటి మాట మాట్లాడితే మిగతావాళ్లు నవ్వుతారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇది అడిగావంటేనే నువ్వు నా కంటే ముందున్నావు. నేను చేసిన తప్పు చెబుతాను.

1989లో నర్సంపేట వైపు ఒక బడిలో ఉన్నాను. ఫారాలు వచ్చాయి, టైం లేదు. క్లాసులోకి పోయి "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అన్నాను. నేనూ ఆ కులమే కాబట్టి నేనంటే తప్పేమీ కాదనుకున్నాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేవలేదు. రిజిస్టర్ చూసి పేరు పిలిచాను. లేచింది. మరునాటి నుంచి బడికి రాలేదు. నాలుగో రోజు వెతుక్కుంటూ పోతే తల్లితో మిరప చేన్లో కాయ ఏరుతోంది. చేతులు మంటకు ఎర్రబడి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో నిలబడ్డట్టే. "మేడం, నేను లెక్కలల్ల ఫస్టు అస్త. అందరు నన్ను లెక్కల పిల్ల అనేటోళ్లు. ఆ పొద్దు నుంచి అంటలేరు" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదువు కొనసాగించింది, కానీ మా బడిలో కాదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కులం అనే మాట క్లాసు గదిలో అడగలేదు. అడ్మిషన్ అప్పుడే తల్లిదండ్రుల దగ్గర, ఒక్కొక్కరిని పిలిచి, కుల ధ్రువపత్రం తీసుకుని ఫైల్లో పెట్టు. ఫారాలు వచ్చినప్పుడు చీటీ రాసి ఇంటికి పంపు. పని రెండింతలవుతుంది. అయినా అలాగే చెయ్యి.

కోయ పిల్లల సంగతి నువ్వున్న చోట చెప్పడం తేలిక. రెండేండ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది బంగారమని పిలిచే బెల్లం మోసుకుని వస్తారు. గద్దెల మీదికి అమ్మవార్లను తెచ్చేది కోయ పూజారులు. నవ్విన పిల్లల ఇళ్లలో కూడా సమ్మక్కకు మొక్కినవాళ్లు ఉంటారు. ఆ పిల్లల్లో ఒకరి తాతనో నాయననో బడికి పిలిచి, అడవిలో ఏ చెట్టు దేనికి పనికొస్తుందో వాళ్ల మాటలోనే చెప్పించు. పిల్లలు నోట్సులో రాసుకోవాలి, పరీక్షలో ఒక ప్రశ్న దాని మీద రావాలి. మార్కులు ఉంటేనే పిల్లలు దాన్ని చదువు అనుకుంటారు. నేను 1990లో మా బాపును ఇలాగే తీసుకుపోయి, తూము ఎంత ఎత్తితే ఎన్ని మళ్లు ఎంతసేపట్లో తడుస్తాయో చెప్పించాను. పిల్లలు ఆయనను "ఎల్లయ్య సార్" అన్నారు. ఆయన నా దిక్కు చూశాడు, వీళ్లు ఎవరిని పిలుస్తున్నారన్నట్టు.

ప్రశ్న: అమ్మా, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాను. నా పేరు వెనుక మాదిగ అని రాసుకుంటున్నాను. కొందరు నవ్వుతున్నారు. కొందరు "కులం పోవాలంటారు, మళ్లీ కులం పేరెందుకు" అంటున్నారు. నాకే తడబాటుగా ఉంది.

జవాబు: తడబడకు బిడ్డా, ఈ దారిలో నీకంటే ముందు నడిచినవాళ్లున్నారు. 1917లో బెజవాడలో పెట్టింది పంచమ మహాసభ, అంటే నాలుగు వర్ణాల బయటి ఐదోవాళ్లని అర్థం. హైదరాబాదు నుంచి పోయిన భాగ్యరెడ్డి వర్మ, మమ్మల్ని పంచములని ఎవరు పిలిచారు, మేం ఈ నేల మొదటి మనుషులమని వాదించి దాన్ని ఆది ఆంధ్ర సభ చేశారు. ఆయన పోరాటం వల్లే 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో 'ఆది హిందువులు' అనే పేరు ఎక్కింది. అది ఒక దారి, అవమానం అంటిన పేరును వదిలేయడం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు మన హనుమకొండ మనిషి మంద కృష్ణ, ఆయనతో ఉన్నవాళ్లు రెండో దారి పట్టారు. ఏ మాటను తిట్టుగా వాడారో ఆ మాటనే పేరు చివర పెట్టుకున్నారు. రెండు దారుల్లోనూ అడిగింది ఒకటే, మాకు పేరు పెట్టే హక్కు మీకెవరిచ్చారని. నువ్వు రాసుకున్నది నీ చేత్తో రాసుకున్నావు. రేపు వద్దనుకుంటే నీ చేత్తోనే తీసేయవచ్చు. నవ్వేవాళ్ల పేర్ల వెనుక ఉన్నవి ఏమిటో, వాటిని చూసి ఎవరైనా ఎప్పుడైనా నవ్వారో లేదో నువ్వే గమనించి ఉంటావు.

అయితే నిన్నూ ఒకటి అడగాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణకు ఒప్పుకుంది, 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా చేసిన చట్టం అమల్లోకి వచ్చింది. ఆ జాబితా మొత్తం చదివావా? మాదిగల పుట్టుక చెప్పే జాంబవ పురాణాన్ని మనకు చెప్పేవాళ్లు ఆ జాబితాలోనే ఉన్న డక్కలి వాళ్లు, ఆడి చూపించేవాళ్లు చిందు వాళ్లు. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మన వాడకు డక్కలి ముసలాయన వస్తే మా చిన్నప్పుడు ఇంటి బయటే ఉంచి, తిండి అక్కడికే పంపేవాళ్లం. మా అవ్వ ఆయనను ఏమని పిలిచేదో నాకు బాగా గుర్తుంది, ఇక్కడ రాయలేను. మీ ఇంట్లో ఇప్పుడేమంటారు? సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూడు.

ప్రశ్న: మా ఊరి హోటల్లో పెద్ద కులాలవాళ్లకు గాజు గ్లాసు, మా ఎస్సీ వాడ వాళ్లకు కాగితం కప్పు. ఇది నేరమేనా? ఎక్కడ చెప్పాలి?

జవాబు: అందరికీ కాగితం కప్పే అయితే నేరం కాదు. మీకొకటి, వాళ్లకొకటి అయితే నేరమే. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. హోటల్లో అందరికీ పెట్టిన పాత్రలు కులం చూసి ఇవ్వకపోవడం 1955 పౌరహక్కుల చట్టం కింద శిక్షార్హం, నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. నలుగురి ముందు కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం, ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా. ఆ చట్టం కింద దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. ఫిర్యాదు కాగితం మీద రాసి ఇవ్వండి, ఎఫ్‌ఐఆర్ నకలు డబ్బు కట్టకుండా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి, కలెక్టరుకు రాయండి. ప్రతి నెలా 30వ తారీఖున ఏదో ఒక ఊళ్లో తహసీల్దారు, పోలీసులు కలిసి పౌరహక్కుల దినం జరుపుతారు. వచ్చే నెల మీ ఊళ్లో పెట్టమని తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. ఆ రోజు అందరూ కలిసి ఆ హోటల్లోనే చాయ్ తాగాలని అడగండి, గాజు గ్లాసులో. అర్జీ మీద ఒక్కరే సంతకం పెట్టకండి. వాడలో ఎంతమంది ఉంటే అంతమంది పెట్టండి, వేలిముద్ర వేసేవాళ్ల పక్కన వాళ్ల పేరు పూర్తిగా రాయండి.